మరణవార్తలో రాయని కారణం

తెలుగునాట సినిమా హాలుకు వెళ్లేవాళ్లందరికీ ముకేశ్ పరిచయమే. మహారాష్ట్రకు చెందిన ముకేశ్ హరాణే గుట్కా నమిలేవాడు. నోటి క్యాన్సర్ వచ్చింది. ముంబైలోని టాటా మెమోరియల్ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. 2009 అక్టోబర్ 27న, 24 ఏళ్లకే చనిపోయాడు. చికిత్సలో ఉండగానే తన కథ తానే కెమెరాకు చెప్పాడు. పొగాకు దృశ్యాలున్న సినిమాలకు ముందూ మధ్యలోనూ హెచ్చరికలు చూపాలన్న కేంద్ర నిబంధనలు 2012 అక్టోబర్ 2న అమల్లోకి వచ్చాక ఆ యువకుడి పేరు, అలవాటు, జబ్బు, చావు కోట్లమందికి తెలిశాయి.

అదే ప్రేక్షకుడు మర్నాడు పొద్దున పేపరు తీసి జిల్లా పేజీ చూస్తే అక్కడి చావులు వేరేగా కనిపిస్తాయి. యాభై దాటీ దాటని వ్యాపారి ‘అనారోగ్యంతో కన్నుమూశారు’. మాజీ సర్పంచ్ ‘గుండెపోటుతో హఠాన్మరణం చెందారు’. రిటైరైన ఉద్యోగి ‘కొంతకాలంగా అస్వస్థతతో బాధపడుతూ తుదిశ్వాస విడిచారు’. ఏ జబ్బు, ఎందుకొచ్చింది, ఎన్నేళ్ల బీడీ, ఎన్నేళ్ల మందు అన్నది వార్తలో ఉండదు. ఊళ్లో మాత్రం అందరికీ తెలుసు. పాడె లేవకముందే అరుగుల మీద ఆ మాటే నడుస్తుంటుంది.

అరుగుల మీద చెప్పుకునే ఆ నిజం అచ్చులోకి రావాలా, వద్దా? పోయినవారి గురించి చెడు మాట్లాడకూడదన్నది మన సమాజంలో బలంగా ఉన్న మర్యాద. దుఃఖంలో ఉన్న ఇంటిని ఇంకా నొప్పించకూడదన్నది అంతకంటే బలమైన మర్యాద. రెండూ గౌరవించదగినవే. కానీ ఈ మర్యాదల నీడలో ఏటా లక్షల చావుల కారణం మరుగున పడిపోతోంది. ఆ మరుగు వల్ల ఎవరికి మేలు జరుగుతోందో అడగాల్సిన సమయం వచ్చింది.

‘గుండె ఆగింది’ అంటే కారణం చెప్పినట్టు కాదు

మొదట జిల్లా విలేకరి ఇబ్బంది అర్థం చేసుకోవాలి. మరణవార్త ఎక్కువగా కుటుంబం నుంచో, బంధువుల నుంచో, పార్టీ కార్యకర్తల నుంచో వస్తుంది. ఫొటో, వయసు, కొడుకులు, కూతుళ్లు, అంత్యక్రియల వేళ, పరామర్శించిన నాయకుల పేర్లు వస్తాయి. కారణం దగ్గర ‘గుండెపోటు అని రాయండి’ అంటారు. పేజీ వేళ దాటిపోతుంటే డెస్కులో దాన్ని తరచి అడిగే తీరిక ఎవరికీ ఉండదు. అడిగినా చూపించడానికి చాలా ఇళ్లలో కాగితం ఉండదు. 2020లో దేశంలో నమోదైన మరణాల్లో వైద్యుడు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే.

ఆ ధ్రువీకరణ పత్రం, అంటే ఫారం 4, డాక్టరుకు ఒక విషయం స్పష్టంగా చెబుతుంది. చావుకు దారితీసిన జబ్బునో, గాయాన్నో రాయాలి. గుండె ఆగిపోవడం, నీరసించిపోవడం వంటి ఆఖరి స్థితిని రాయకూడదు. ఎందుకంటే చివరికి ప్రతి మనిషికీ గుండె ఆగుతుంది. అది ఎందుకు ఆగిందన్నదే కారణం. తక్షణ కారణం, దాని వెనక ఉన్న జబ్బు, దానికి మూలమైన జబ్బు వరుసగా రాయడానికి ఆ ఫారంలో గడులున్నాయి. వైద్యుడికి వర్తించే ఈ చిన్న క్రమశిక్షణ మరణవార్తకూ వర్తిస్తే సగం సమస్య తీరుతుంది. ‘అనారోగ్యం’ అన్న మాట పాఠకుడికి ఏమీ చెప్పదు. ‘ఊపిరితిత్తుల క్యాన్సర్’, ‘లివర్ సిరోసిస్’, ‘మధుమేహం వల్ల చెడిపోయిన కిడ్నీలు’ అన్నప్పుడే చెబుతుంది.

ఈ దాపరికం మన ఒక్కరిదే కాదు. బ్రిటన్ రాజు ఆరో జార్జ్ బాగా సిగరెట్లు తాగేవాడు. 1951 సెప్టెంబర్‌లో క్యాన్సర్ వల్ల ఆయన ఎడమ ఊపిరితిత్తి తీసేశారు. ప్రజలకు విడుదల చేసిన ప్రకటనలో మాత్రం ఊపిరితిత్తి నిర్మాణంలో మార్పులు వచ్చాయని మాత్రమే ఉంది. 1952 ఫిబ్రవరి 6న 56 ఏళ్ల వయసులో నిద్రలోనే చనిపోయాడు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫోర్డ్ హిల్ ప్రకటించిన పరిశోధన అప్పటికే, 1950లోనే, అదే దేశపు వైద్య పత్రికలో అచ్చయింది. అంత పెద్ద ఉదాహరణ కళ్లముందున్నా దేశానికి చెప్పలేదు. అమెరికా సర్జన్ జనరల్ లూథర్ టెర్రీ 1964 జనవరిలో పొగాకు మీద నివేదిక విడుదల చేసేదాకా ప్రభుత్వాల గొంతు గట్టిగా పెగలలేదు.

డాల్ మొదలుపెట్టిన మరో అధ్యయనంలో 34 వేలకు పైగా బ్రిటిష్ డాక్టర్లను 50 ఏళ్ల పాటు గమనించారు. 2004లో వచ్చిన ఫలితం ఇది: పొగతాగేవాళ్లు తాగనివాళ్ల కంటే సగటున 10 ఏళ్ల ముందు పోతున్నారు. 50 ఏళ్ల వయసులో మానేసినవారికి సుమారు 6 ఏళ్లు, 40లో మానేస్తే 9 ఏళ్లు, 30లో మానేస్తే దాదాపు ఆ 10 ఏళ్లూ తిరిగి దక్కుతున్నాయి. మరణవార్తలో కారణం రాయాలనడానికి అసలు ఆధారం ఈ లెక్కలోనే ఉంది. పోయినవారికి దానివల్ల ఒరిగేది లేదు. అది చదివే 40 ఏళ్ల మనిషి చేతిలో మాత్రం ఇంకా 9 ఏళ్లున్నాయి.

తమ చావును తామే రాసుకున్నవారు

ఈ చర్చలో అందరికంటే ముందు వినాల్సింది పోయినవారి మాటే. అది చెప్పి వెళ్లినవాళ్లు ఉన్నారు.

‘టెన్ కమాండ్‌మెంట్స్’ సినిమాలో ఫారో వేషం వేసిన హాలీవుడ్ నటుడు యూల్ బ్రిన్నర్ 1985 అక్టోబర్ 10న ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆ ఏడాది మొదట్లో ఇచ్చిన టీవీ ఇంటర్వ్యూలో తాను పోయాక జనానికి ఒక మాట చెప్పాలని ఉందన్నాడు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ మాటల్నే ప్రకటనగా మలిచి, ఆయన చనిపోయాక ప్రసారం చేసింది. తానిప్పుడు లేనని, ఏంచేసినా సరే సిగరెట్ మాత్రం తాగొద్దని చెప్పే ఆ ముఖం అమెరికన్ ఇళ్లలోకి నేరుగా వెళ్లింది.

ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ బెస్ట్‌ను తాగుడు తినేసింది. 2002లో కాలేయ మార్పిడి జరిగింది. అయినా మానలేకపోయాడు. 2005 నవంబర్‌లో ఆసుపత్రి మంచం మీద, పచ్చబడిన ఒంటితో ఉన్న తన ఫొటోను పత్రికలో వేయమని తానే కోరాడు. తనలా చావొద్దన్నదే ఆయన సందేశం. కొద్ది రోజులకే, నవంబర్ 25న, 59 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. ‘స్టార్ ట్రెక్’ నటుడు లెనార్డ్ నిమోయ్ సిగరెట్ మానేసి 30 ఏళ్లయినా ఊపిరితిత్తుల జబ్బు తనను వదల్లేదని 2014లో స్వయంగా ప్రకటించి, మరుసటి ఏడాది పోయాడు. దర్శకుడు డేవిడ్ లించ్ 2024 ఆగస్టులో తనకు ఎంఫిసీమా అనే ఊపిరితిత్తుల జబ్బు ఉందని చెప్పాడు. పొగతాగడం తనకెంత ఇష్టమో దాచుకోలేదు, దానికి చెల్లించాల్సి వచ్చిన మూల్యాన్నీ దాచలేదు. 2025 జనవరిలో ఆయన పోయినప్పుడు పత్రికలు ఆ రెండింటినీ రాశాయి. ఆయన సినిమాల మీద గౌరవం వీసమెత్తు తగ్గలేదు.

మన దేశంలో ఇలా ముందుకొచ్చినవాళ్లు సినీతారలు కారు. మధ్యప్రదేశ్‌లోని భిండ్‌కు చెందిన సునీతా తోమర్ ఇద్దరు పిల్లల తల్లి. పొగాకు నమిలే అలవాటు వల్ల నోటి క్యాన్సర్ వచ్చింది. 2014లో కేంద్ర ప్రభుత్వ ప్రచార చిత్రంలో తన ముఖాన్ని చూపడానికి ఒప్పుకుంది. 2015 మార్చిలో ఒక పార్లమెంటరీ కమిటీకి అధ్యక్షుడుగా ఉన్న ఎంపీ దిలీప్ గాంధీ, పొగాకుకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉందని చెప్పే భారతీయ అధ్యయనం ఏదీ లేదన్నారు. సిగరెట్, గుట్కా ప్యాకెట్ల మీద బొమ్మల హెచ్చరికను 85 శాతానికి పెంచే నిర్ణయం వాయిదా పడింది. ఆ వాదన విని సునీత ప్రధానికి లేఖ రాసింది. హెచ్చరిక అమలు కావాల్సిన ఏప్రిల్ 1వ తేదీనే, 28 ఏళ్ల వయసులో చనిపోయింది. పెద్ద హెచ్చరిక అమల్లోకి రావడానికి సరిగ్గా మరో ఏడాది పట్టింది.

ఈ చావుల్లో నిందకు తావు లేకపోవడానికి కారణం ఉంది. అలవాటు గురించి చెప్పింది మరణించినవారే. కాబట్టి మొదటి సూత్రం తేలిక: మనిషి బతికుండగా తన జబ్బు కారణాన్ని తానే బయటపెడితే, మరణవార్తలో దాన్ని మర్యాద పేరుతో తుడిచేయకూడదు. అది అతని ఆఖరి మాటను తుడిచేయడమే. అక్కినేని నాగేశ్వరరావు 2013 అక్టోబర్‌లో విలేకరులను పిలిచి తనకు క్యాన్సర్ వచ్చిందని నిబ్బరంగా చెప్పారు. 2014 జనవరి 22న ఆయన పోయినప్పుడు తెలుగు పత్రికలు ఆ జబ్బు పేరు తడబడకుండా రాశాయి. ఆయన విషయంలో అలవాటు ప్రసక్తి లేదు, జబ్బు పేరు మాత్రమే. పెద్దమనిషి తానే చెబితే తెలుగు పాఠకుడు ఎంత హుందాగా స్వీకరిస్తాడో అప్పుడు తెలిసింది.

నింద వేసే ముందు ఆగాల్సిన చోట్లు

అవతలి వాదన బలహీనమైనదేమీ కాదు. నటి డానా రీవ్ 2006లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోయింది. ఆమె జీవితంలో సిగరెట్ ముట్టలేదు. అయినా ఆ జబ్బు పేరు వినగానే ‘తాగేదా?’ అన్న ప్రశ్న ముందొస్తుంది. అమెరికాలో ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవారిలో 10 నుంచి 20 శాతం మంది అసలు పొగతాగనివారో, నామమాత్రంగా తాగినవారో. జబ్బుకు అలవాటును అంటగట్టడం మొదలైతే వీళ్లందరూ బోనులో నిలబడాల్సి వస్తుంది. అలవాటున్న రోగి కూడా సిగ్గుతో డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా వెళ్తాడు. నోటి క్యాన్సర్‌లో ఆ ఆలస్యమే ప్రాణం తీస్తుంది.

శ్రీకాకుళం జిల్లా ఇంకా గట్టి పాఠం చెబుతుంది. ఉద్దానంలో కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే జనం ఏళ్ల తరబడి కిడ్నీ జబ్బుతో పోతున్నారు. మధుమేహం లేనివాళ్లకూ, రక్తపోటు లేనివాళ్లకూ వస్తోంది. నీళ్లా, ఎండలో చాకిరీనా, పురుగుమందులా, నొప్పిమాత్రలా అని ఎందరో వెతికారు. ఒక్క కారణం ఇదీ అని తేలలేదు. అక్కడ చనిపోయిన రైతు గురించి ‘తాగుడు వల్ల’ అనో, ‘మాత్రలు మింగడం వల్ల’ అనో రాస్తే అది అబద్ధం అవుతుంది. పైగా కారణం కనిపెట్టాల్సిన ప్రభుత్వ బాధ్యతను తీసుకెళ్లి చనిపోయిన పేదవాడి నెత్తిన పెట్టినట్టవుతుంది.

పేదవాడి సంగతి ఇంకొకటుంది. కూలీ చనిపోతే ‘మద్యానికి బానిసై’ అని రాయడానికి మన పత్రికలు వెనకాడవు. కాంట్రాక్టరో, నాయకుడో చనిపోతే అదే కాలేయ జబ్బు ‘అనారోగ్యం’ అయిపోతుంది. అలవాటును రాయడమంటూ ఉంటే ఇద్దరికీ రాయాలి, లేదంటే ఇద్దరికీ మానాలి. ఇప్పుడున్న పద్ధతి మర్యాద పేరుతో నడుస్తున్న వివక్ష.

చట్టం కూడా ఒక గీత గీసింది. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం, చనిపోయినవారి గురించి, బతికుంటే వారి పరువుకు నష్టం కలిగించే ఆరోపణను దగ్గరివారిని నొప్పించే ఉద్దేశంతో చేస్తే అది కూడా పరువునష్టమే. నిజమైన విషయాన్ని ప్రజల మేలు కోసం చెబితే మినహాయింపు ఉంది. డాక్టరుకు ఇంకా కఠినమైన నియమం. రోగి రహస్యాన్ని అతను చనిపోయాక కూడా కాపాడాలని వైద్యుల జెనీవా ప్రతిజ్ఞ చెబుతుంది. అందుకే ఆసుపత్రి సిబ్బంది చెవిలో చెప్పిన మాట వార్త కాకూడదు. కుటుంబం అనుమతితో డాక్టర్ చెప్పిందే కావాలి.

ఇక ఆత్మహత్యలు వేరు. వాటిని ఎలా రాయాలో, ఎలా రాయకూడదో ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలు ఇచ్చింది. వియన్నాలో 1987 తర్వాత పత్రికలు రాసే తీరు మార్చుకున్నాక అక్కడి సబ్‌వేలో ఆత్మహత్యలు తగ్గాయి. ఈ అనుభవం రెండు సంగతులు చెబుతుంది. చావు వార్త బతికున్నవారి మీద పనిచేస్తుంది. ఎలా రాశామన్నదాన్ని బట్టి మేలూ చేస్తుంది, కీడూ చేస్తుంది.

సగం చెప్పిన నిజం

అలవాటును ఒంటరిగా రాస్తే అది సగం నిజమే. తెలుగువారికి దీనికి సావిత్రిని మించిన ఉదాహరణ లేదు. 1980లో కోమాలోకి వెళ్లిన ఆమె 19 నెలలు అలాగే ఉండి, 1981 డిసెంబర్ 26న చనిపోయారు. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆమె తాగుడు గురించి గుసగుసలు ఆగలేదు. గొప్ప నటి చివరికిలా అయిందన్న జాలి, దాని వెనక ఒక చిన్నచూపు. 2018లో ‘మహానటి’ సినిమా వచ్చినప్పుడు తాగుడును దాచలేదు. కానీ దానితోపాటు విఫలమైన దాంపత్యం, నమ్మినవారు చేసిన మోసం, పోయిన డబ్బు, దగ్గరివాళ్లు లేని ఇల్లు కూడా చూపించింది. జనం కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆమె మీద గౌరవం పెరిగిందే తప్ప తగ్గలేదు. గుసగుస చేయలేని పనిని నిండు నిజం చేసింది.

తాగుడు వ్యసనం అయ్యాక అది జబ్బే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా చెబుతుంది. నికోటిన్ వ్యసనమూ అంతే. పదిహేనేళ్ల వయసులో బీడీ అంటుకున్న పిల్లవాడు యాభై ఏళ్లకు దాన్ని ‘ఎంచుకున్నాడు’ అనడం న్యాయం కాదు. అమెరికాలో ఓపియాయిడ్ మత్తుమందులకు పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబాలు కొన్ని గత దశాబ్దంలో ఈ తేడాను అర్థం చేసుకున్నాయి. ‘ఇంట్లో హఠాత్తుగా మరణించారు’ అని రాసే అలవాటు మాని, మా బిడ్డ వ్యసనంతో పోరాడి ఓడిపోయిందని శ్రద్ధాంజలి ప్రకటనల్లో తామే రాశాయి. బిడ్డ నవ్వు, పాట, తెలివి, ఆ తర్వాత వ్యసనం, ఆ తర్వాత చికిత్స దొరకని తీరు వాటిలో ఉన్నాయి. అవి చదివినవాళ్లకు నింద గుర్తుండదు, మనిషి గుర్తుంటాడు.

నిండు నిజంలో ఇంకో పాత్ర ఉండాలి. అది అమ్మినవాడిది. మార్ల్‌బరో సిగరెట్ ప్రకటనల్లో కనిపించిన వేన్ మెక్‌లారెన్ 1992లో 51 ఏళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో పోయాడు. చివరి రోజుల్లో పొగాకుకు వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. అదే బ్రాండుకు ముఖమైన డేవిడ్ మెక్‌లీన్ 1995లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తోనే, ఎరిక్ లాసన్ 2014లో ఊపిరితిత్తులు మూసుకుపోయే సీఓపీడీతో చనిపోయారు. వాళ్ల మరణవార్తల్లో జబ్బు ఉంది, అలవాటు ఉంది, బ్రాండు పేరూ ఉంది. ఆ మూడూ ఒకే వాక్యంలోకి వచ్చాక చదివేవాడి చూపు చనిపోయిన మనిషి మీద నుంచి వ్యాపారం మీదికి మళ్లింది.

మన దగ్గర ఇందుకు విరుద్ధంగా జరుగుతోంది. పాన్ మసాలా కంపెనీలు యాలకుల పేరుతో, మద్యం కంపెనీలు సోడా, సీడీల పేరుతో తారల బొమ్మలతో ప్రకటనలు ఇస్తాయి. ఆ బ్రాండు పేరు ప్రకటనలో పెద్దక్షరాల్లో ఉంటుంది. దాన్ని నమిలి చనిపోయినవారి వార్తలో ఒక్క అక్షరం కూడా ఉండదు. పోయినవారి పరువు కోసం అనుకుంటున్న ఈ మౌనం వాస్తవంలో కాపాడుతున్నది అమ్మేవారి పరువునే.

అడిగితే కుటుంబాలు చెప్పాయి

కుటుంబాలు చెప్పవన్న నమ్మకమూ పూర్తిగా నిజం కాదు. శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ తరతరాల అలవాటు. ఆ వేడికి అంగిలి మీద మచ్చలు, పుండ్లు, చివరికి క్యాన్సర్. పరిశోధకులు పిండ్‌బోర్గ్, మెహతా, గుప్తా బృందం ఆ జిల్లాలో 10,169 మందిని పరీక్షించి 1971లో ఆ సంగతి ప్రపంచానికి చెప్పింది. ఆ తర్వాత శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావ్‌నగర్ జిల్లాల్లో 36 వేల మంది పొగాకు వాడకందారుల మధ్య అవగాహన ప్రచారం నడిపారు. అలవాటు మానేసేవాళ్లు పెరిగారని, నోట్లో మచ్చలు తగ్గాయని 1986లో ఫలితాలు వచ్చాయి. ఊళ్లో వాళ్లతో సూటిగా, మర్యాదగా మాట్లాడితే అలవాటు మారుతుందనడానికి మన గడ్డ మీదే దొరికిన రుజువు అది.

దేశంలో పొగతాగడం వల్ల ఏటా సుమారు 10 లక్షల మంది చనిపోతున్నారన్న అంచనా కూడా ఇలా సూటిగా అడిగితేనే తెలిసింది. పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం 11 లక్షల ఇళ్ల నమూనాలో, చనిపోయినవారి కుటుంబాలను ‘ఆయన పొగతాగేవారా?’ అని అడిగింది. 30 నుంచి 69 ఏళ్ల మధ్య పోయిన మగవాళ్లలో అయిదుగురికి ఒకరి చావు పొగ వల్లేనని 2008లో తేలింది. దుఃఖంలో ఉన్న కుటుంబాలు జవాబు చెప్పబట్టే ఆ లెక్క వచ్చింది. దక్షిణాఫ్రికా 1998 నుంచి మరణ నమోదు పత్రంలోనే ‘అయిదేళ్ల కిందట ఈ మనిషి పొగతాగేవారా?’ అన్న ప్రశ్న పెట్టింది. దాని ఆధారంగా 4.8 లక్షల మరణాలను విశ్లేషించి 2013లో ఫలితాలు ప్రచురించారు.

మన ప్రభుత్వమూ ఈ ప్రశ్న అడుగుతోంది. జనన మరణాల నమోదు చట్టం కింద మరణాన్ని నమోదు చేయించే ఫారం 2లో గణాంకాల భాగం ఉంది. పొగతాగే అలవాటుంటే ఎన్నేళ్లుగా, పొగాకు నమిలే అలవాటుంటే ఎన్నేళ్లుగా, పాన్ మసాలాతో సహా వక్క నమిలే అలవాటుంటే ఎన్నేళ్లుగా, మద్యం తాగే అలవాటుంటే ఎన్నేళ్లుగా అని నాలుగు ప్రశ్నలు. ఈ జవాబులు డెత్ సర్టిఫికెట్ మీద రావు. పేరుతో బయటకూ రావు. కానీ చాలాసార్లు ఆ గడులు ఖాళీగానో, మొక్కుబడి ‘లేదు’తోనో వెళ్లిపోతాయి.

కుటుంబాల భయాల్లో ఒకటి బీమా. పాలసీ తీసుకునేటప్పుడు అలవాటు దాచారని క్లెయిమ్ ఆపేస్తారేమోనని వెనకాడతారు. 2015లో సవరించిన బీమా చట్టం 45వ సెక్షన్ ప్రకారం, జీవిత బీమా పాలసీకి మూడేళ్లు నిండాక దాన్ని ఏ కారణంతోనూ ప్రశ్నించడానికి వీల్లేదు. ఈ సంగతి తెలిసిన ఇళ్లు తక్కువ. తెలిస్తే సగం భయం పోతుంది.

ఏం రాయాలి, ఎవరి గురించి

ఈ వాదోపవాదాల నుంచి పత్రికలకు కొన్ని స్పష్టమైన నియమాలు తేలుతాయి. సాధారణ పౌరుల మరణవార్తల్లో, శ్రద్ధాంజలి ప్రకటనల్లో అలవాటు ప్రస్తావన కుటుంబం ఇష్టానికే వదిలేయాలి. కానీ ‘జబ్బు పేరు రాయవచ్చా, కారణం చెప్పాలనుకుంటున్నారా?’ అని విలేకరి ఒకసారి మర్యాదగా అడగాలి. ప్రజాజీవితంలో ఉన్నవారి విషయంలో వైద్యులు చెప్పిన జబ్బు పేరు తప్పకుండా ఉండాలి. అలవాటు దానికి కారణమని వారు బతికుండగా తామే చెప్పినా, కుటుంబమో, కుటుంబం అనుమతితో వైద్యుడో చెప్పినా ఒక్క వాక్యం రాయాలి. తెర మీదో, ప్రకటనలోనో ఆ అలవాటుకు ప్రచారం చేసినవారైతే ఆ సంగతీ రాయాలి. ఎవరూ చెప్పని చోట ఊహించకూడదు. కారణం తేలని జబ్బయితే తేలలేదనే రాయాలి.

రాసే తీరు కూడా ముఖ్యం. ‘మద్యానికి బానిసై ప్రాణాలు పోగొట్టుకున్నారు’ అన్నది తీర్పు. ‘లివర్ సిరోసిస్‌తో చనిపోయారు, చాలా ఏళ్ల మద్యపానం దానికి దారితీసిందని వైద్యులు చెప్పారు’ అన్నది సమాచారం. ఆ వాక్యం వార్త శీర్షికలో ఉండకూడదు, మొదటి పేరాలోనూ అక్కర్లేదు. మనిషి చేసిన పని, పెంచిన పిల్లలు, మిగిల్చిన మంచి ముందు రావాలి. కూలీకైనా, మంత్రికైనా ఇదే కొలత.

ఇది సంపాదకులు చేయాల్సిన పని. పాఠకులు చేయాల్సింది ఇంకొకటుంది, దానికి ఏ పత్రిక అనుమతీ అక్కర్లేదు. ఇంట్లో మరణం జరిగాక పంచాయతీ ఆఫీసుకో, మున్సిపాలిటీకో వెళ్లినప్పుడు ఫారం 2లోని ఆ నాలుగు ప్రశ్నలను వదిలేయకండి. నాన్న ముప్పై ఏళ్లు బీడీ కాల్చి ఉంటే 30 అని రాయండి. గుమస్తా ఆ గడి దాటవేస్తే ఆగి, రాయమని అడగండి. ఆసుపత్రిలో చనిపోయి ఉంటే మరణ కారణం ధ్రువపత్రం కాపీ తీసుకోండి. జనన మరణాల నమోదు చట్టానికి చేసిన 2023 సవరణ ప్రకారం దాన్ని ఉచితంగా ఇవ్వాల్సిందే. ఆ ఫారంలో మీరు నింపే అంకె నాన్న పేరును ఎక్కడా చెడగొట్టదు. పక్క ఇంటి కుర్రవాడి ప్యాకెట్ మీద హెచ్చరిక ఎంత పెద్దదిగా ఉండాలో తేల్చే లెక్కలో చేరుతుంది.